తప్పుడు ఫార్వర్డ్‌లు నమ్మేవాళ్ళని మార్చడానికి మెదడు మీద చేసిన పరిశోధనలు నిజంగా పనికొస్తాయా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన మాస్టారు, అలాంటాయన పొద్దున్న లేవగానే వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ నమ్మేసి పది గ్రూపులకి పంపేస్తున్నారు, మీరు తప్పని చూపిస్తే ఇంట్లో గొడవ. ఈ మధ్య 'న్యూరోసైన్స్‌తో ఫేక్ న్యూస్‌కి చెక్' అని ఎక్కడో చదివారు, అది నిజమా సొల్లా, నిజమైతే ఇంట్లో ఏం చెయ్యాలి, లేదంటే ఫ్యామిలీ గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోతే ప్రశాంతంగా ఉంటుందా అని.

సూటిగా చెప్తా. పనికొస్తాయి, కానీ మెదడు స్కానర్ బొమ్మలు చూసి కాదు. మెదడు పరిశోధన మనకి గట్టిగా నేర్పింది ఏంటంటే, మనిషి అబద్ధాన్ని నమ్మేది తెలివి తక్కువై కాదు, అది బాగా అలవాటైన మాటలా వినిపించడం వల్ల. అందుకని 'అది అబద్ధం' అని చెప్పి ఊరుకుంటే సరిపోదు, దాని స్థానంలో ఇంకోటి పెట్టాలి, వీలైతే అబద్ధం రాకముందే మనం వెళ్ళాలి. మిగతాదంతా దీని వివరణే.

నా సంగతి రెండు ముక్కల్లో: జ్ఞాపకశక్తి మీద పీహెచ్‌డీ చేశా, కొన్నేళ్ళు ఈఈజీ (మెదడు కరెంటు సంకేతాలు కొలిచే పరీక్ష) ల్యాబ్‌లో జనం తలకి వైర్ల టోపీ పెట్టి జెల్లు పూసి కూర్చోబెట్టే పని చేశా, గత ఏడేళ్ళుగా ఆశా వర్కర్లకీ టీచర్లకీ లోకల్ రిపోర్టర్లకీ ఆరోగ్యం మీద వచ్చే తప్పుడు ప్రచారాల గురించి ట్రైనింగ్‌లు ఇస్తున్నా. కాబట్టి ల్యాబ్‌లో ఏం జరుగుతుందో తెలుసు, ఊళ్ళో రచ్చబండ దగ్గర అదే మాట ఎలా తేలిపోతుందో కూడా తెలుసు.

ముందు 'సైన్స్ మాస్టారు అయ్యుండి ఎలా నమ్ముతారు' అన్న మీ బాధ. నమ్ముతారండీ. 2015లో లీసా ఫాజియో అనే సైకాలజిస్టు ఇంకో ముగ్గురితో కలిసి అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, అందులో ఒక వాక్యం చూస్తే మనకి నవ్వాగదు: స్కాట్లాండ్ వాళ్ళు కట్టుకునే కుచ్చిళ్ళ పొట్టి లంగాని చీర అంటారట. ఇలాంటివి కొన్ని ముందు చదివిస్తారు, చదివించేటప్పుడు నిజమా కాదా అని అడగరు, ఎంత ఇంట్రెస్టింగ్‌గా ఉందో మార్కులు వెయ్యమంటారు అంతే. తర్వాత పాతవీ కొత్తవీ కలిపి ఇచ్చి ఇప్పుడు ఏది ఎంత నిజమో చెప్పమంటారు. ముందు ఒకసారి చూసిన అబద్ధాలకి, కొత్తగా చూసిన అబద్ధాలకన్నా 'నిజమే' వైపు మార్కులు ఎక్కువ పడ్డాయి. అసలు విషయం ఇక్కడుంది: దాన్ని కిల్ట్ అంటారని తెలిసిన పిల్లల్లో కూడా ఆ జరుగుడు కనిపించింది. వాళ్ళు చీరే అని ప్రమాణం చేశారని కాదు, ముల్లు కాస్త అటు వంగింది. ఒక్కసారి చూసినందుకే. మీ నాన్నగారు ఒకే మెసేజ్‌ని నాలుగు గ్రూపుల్లో, పెళ్ళిలో బావగారి నోట, మళ్ళీ యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో చూస్తే ముల్లు ఎంత వంగుతుందో లెక్కేసుకోండి.

ఇది కొత్త సంగతేం కాదు. 1977లోనే హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే ముగ్గురు రెండేసి వారాల తేడాతో మూడు సార్లు జనాన్ని పిలిచి, కొన్ని వాక్యాలు మళ్ళీమళ్ళీ చూపించి ఇదే కనిపెట్టారు. ఆ మాటకొస్తే మనకి ఇంకా ముందే తెలుసు. మేకని భుజాన వేసుకెళ్తున్న బాపనయ్యకి దారిలో ఒక్కొక్క దొంగా ఎదురై 'ఏంటయ్యా కుక్కని మోసుకెళ్తున్నావ్' అంటాడు చూడండి, మొదటోడి మాటకి కోప్పడతాడు, తర్వాతోడి మాటకి దించి చూసుకుంటాడు, ఆఖరికి వదిలేసి పోతాడు. కాకపోతే ఆ కథలో వేర్వేరు మనుషులు చెప్తే నమ్మాడు, ల్యాబ్‌లో ఒకే కాగితం రెండు సార్లు చూసినా చాలు.

మరి మెదడులో ఏం జరుగుతుంది? పరిచయం ఉన్నదాన్ని మెదడు తేలిగ్గా ప్రాసెస్ చేస్తుంది, ఆ తేలికతనాన్నే మనం 'ఆ, ఇది నిజమే' అన్న ఫీలింగ్‌గా పొరబడతాం. 2016లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు జనాన్ని స్కానర్‌లో పడుకోబెట్టి ఇలాంటి వాక్యాలు చూపిస్తే, 'ఇది ఎక్కడో చూశానే' అనిపించే పరిచయ భావానికి సంబంధించిన పెరీరైనల్ కార్టెక్స్ అనే భాగానికి ఈ పొరపాటులో వాటా ఉందని కనిపించింది. ఆ పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పక్కనే హిప్పోక్యాంపస్ ఉంటుంది, 'ఎక్కడ విన్నా, ఎవరు చెప్పారు, ఎప్పుడు' అన్నది గుర్తుంచుకునేది ముఖ్యంగా అదీ, నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ భాగాలూ కలిసి. ఈ రెండో రకం జ్ఞాపకం తొందరగా చెరిగిపోతుంది, వయసుతో పాటు ఇంకా తొందరగా. మాట మిగులుతుంది, ఎవరన్నారో పోతుంది. 'ఎక్కడో పేపర్లో చదివా' అని మనవాళ్ళు అంటుంటారే, ఆ పేపరు చాలాసార్లు మరిది పంపిన ఫార్వర్డే, వాళ్ళు అబద్ధం ఆడట్లేదు, నిజంగానే మర్చిపోయారు.

దీనికి నా సొంత దెబ్బ ఒకటి చెప్తా. 2021లో కోవిడ్ టీకాలప్పుడు, టీకా వేయించుకున్నవాళ్ళంతా రెండేళ్ళలో పోతారని ఒక నోబెల్ శాస్త్రవేత్త అన్నాడంటూ మెసేజ్ తెగ తిరిగింది గుర్తుందా, ఆయన ఆ మాట అననే లేదు. మేం కొన్ని ఊళ్ళకి 'అపోహలు, వాస్తవాలు' అని పోస్టర్లు వేయించాం. డిజైన్ చేసిన కుర్రాడు అపోహని ఎర్రగా పెద్ద అక్షరాల్లో పెట్టాడు, వాస్తవం కింద ఆకుపచ్చలో చిన్నగా. చూడ్డానికి భలే ఉంది, నేనే ఓకే చేశా. మూడు వారాల తర్వాత ఒక ఊరికి వెళ్తే ఒక మామ్మ నన్నే నిలదీసింది: 'మీ కాగితంలోనే ఉంది కదయ్యా రెండేళ్ళని, పంచాయితీ ఆఫీసు గోడ మీద నేను చూశాగా, ఇంకా వేయించుకోమంటావేం?' ఏం మాట్లాడాలో తెలీలేదు. పైగా మా పోస్టర్ మీద సర్కారు బొమ్మ ఉంది, అంటే పుకారుకి మేమే ముద్ర కొట్టిచ్చాం.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఇంకో చివరికి పోయా, అబద్ధాన్ని అసలు నోటితో ఎత్తొద్దు అని ట్రైనింగుల్లో గట్టిగా చెప్పేవాణ్ణి. అది కూడా తప్పే. ఏది తప్పో తెలీకుండా దిద్దుబాటు ఎక్కడ అతకాలో మెదడుకి తెలీదు, దిద్దేటప్పుడు ఒకసారి ఆ మాటని గుర్తు చేస్తే మేలే జరుగుతుందని తర్వాత వచ్చిన ప్రయోగాలు చూపించాయి. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది: నిజంతో మొదలెట్టండి, అబద్ధాన్ని ఒక్కసారే చెప్పండి, అది కూడా 'ఇది తప్పు' అని ముందే హెచ్చరించి, మళ్ళీ నిజంతో ఆపండి. హెడ్డింగ్‌లో మాత్రం అబద్ధం ఉండకూడదు. 'ఉల్లిపాయతో కరోనా పోతుందా?' అని హెడ్డింగ్ పెట్టి లోపల పోదని రాసే వెబ్‌సైట్లున్నాయి, జనం హెడ్డింగ్ మాత్రమే చదువుతారని వాళ్ళకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

ఇక రెండోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఖాళీ.

1994లో జాన్సన్, సైఫర్ట్ అని ఇద్దరు ఒక గోడౌన్ తగలబడిన కథ జనంతో చదివించారు. మొదట్లో ఒక గదిలో ఆయిల్ పెయింట్ డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ఉంటుంది, కాసేపటికి అబ్బే ఆ గది ఖాళీ అని దిద్దుతారు. చదివినవాళ్ళకి ఆ దిద్దుబాటు గుర్తుంది, అడిగితే చెప్తారు కూడా. అయినా 'అంత నల్లటి పొగ ఎందుకొచ్చింది' అంటే పెయింట్ డబ్బాల వల్ల అంటారు! ఎందుకంటే డబ్బాలు తీసేస్తే కథలో కారణం ఉండే చోట బొక్క పడింది, మెదడుకి ఖాళీ కన్నా తప్పుడు కారణమే నయం అనిపిస్తుంది. అదే, ఎవరో కావాలని నిప్పు పెట్టిన ఆనవాళ్ళు దొరికాయని ఇంకో కారణం ఇచ్చారనుకోండి, డబ్బాల ఊసు బాగా తగ్గిపోయింది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, పదేళ్ళ నుంచి షుగర్. బెండకాయ ముక్కలు రాత్రి నీళ్ళలో నానేసి పొద్దున్న తాగితే షుగర్ పూర్తిగా పోతుందని ఫార్వర్డ్ వచ్చింది, మొదలెట్టారు, రెండు వారాలకి రీడింగ్ తగ్గింది. అంతే, మాత్రలు ఆపేశారు. నెల తిరక్కుండా మూడొందలు దాటింది, కాళ్ళు లాగుతున్నాయని మంచమెక్కారు. వాళ్ళబ్బాయి రోజూ 'బెండకాయ నీళ్ళు అబద్ధం నాన్నా' అంటాడు, ఆయన 'మరి నాకు తగ్గింది కదరా, మిషన్ అబద్ధం చెప్తుందా' అంటారు. ఆలోచిస్తే ఆయన ప్రశ్న న్యాయమైందే! తగ్గిన మాట వాస్తవం, దానికి కారణం ఎవరూ చెప్పట్లేదు. నేను వెళ్ళి గంట కూర్చుని ఆ రెండు వారాలు ఏం తిన్నారో అడిగా. బెండకాయ నీళ్ళతో పాటు ఆయన రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నారు, సాయంత్రం గుడి దాకా నడిచారు, మాత్రలు కూడా అప్పటికి వేసుకుంటూనే ఉన్నారు. 'మావయ్యగారూ, తగ్గించింది మీ నడకా, ఆ రొట్టే, మాత్రా, క్రెడిట్ మాత్రం బెండకాయ కొట్టేసింది' అన్నా. ఆయన నవ్వారు. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు, మాత్రలు మొదలెట్టారు. బెండకాయ నీళ్ళు ఇప్పటికీ తాగుతారు, తాగనివ్వండి, మాత్రలు వేసుకుంటున్నంతకాలం నాకేం పేచీ లేదు.

ఈ ఖాళీ సంగతి పెద్ద స్థాయిలో ఎలా ఉంటుందో చికెన్ గొడవలో చూశాం. 2020 మొదట్లో కోడి తింటే కరోనా అని పుకారు లేచి కోళ్ళ రైతులు కుదేలైపోయారు, ఫిబ్రవరి 28న ట్యాంక్‌బండ్ దగ్గర స్టేజీ మీద కేటీఆర్, ఈటల, తలసాని లాంటి అప్పటి తెలంగాణ మంత్రులు అందరి ముందూ చికెన్ తిన్నారు. మంచి పనే, భయాన్ని మాటలతో కాకుండా కళ్ళకి కనిపించే పనితో ఎదుర్కోవడం మెదడుకి బాగా ఎక్కుతుంది. కానీ 'మరి ఎలా వస్తుంది?' అన్న ఖాళీని ఆ రోజుల్లో ఎవరూ సరిగ్గా పూడ్చలేకపోయారు, మార్చిలో కూడా చికెన్ కొట్ల ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్నవాళ్ళని నేను చూశా. ఇది నా అభిప్రాయం మాత్రమే, లాక్‌డౌన్ భయాలు కూడా ఉన్నాయనుకోండి.

మూడోది గొడవ గురించి. మీరు గ్రూపులో అందరి ముందూ ఫ్యాక్ట్‌చెక్ లింక్ పెట్టా అన్నారు, నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదన్నారు. 2016లో కాప్లాన్, గింబెల్, హ్యారిస్ అనే ముగ్గురు గట్టి రాజకీయ నమ్మకాలున్న 40 మందిని స్కానర్‌లో పెట్టి, వాళ్ళ నమ్మకాలకి వ్యతిరేకంగా వాదనలు చదివించారు. బల్బు కనిపెట్టింది ఎడిసన్ అన్నలాంటి మామూలు సంగతుల్లో జనం బాగానే వెనక్కి తగ్గారు, రాజకీయాల్లో మాత్రం పెద్దగా కదల్లేదు, అప్పుడు ఎక్కువగా పనిచేసింది 'నేను ఎవర్ని' అని మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే నెట్‌వర్కే. మనసు ఎక్కువ మార్చుకున్నవాళ్ళలో ఉద్వేగాలతో సంబంధం ఉన్న ఇన్సులా, ఎమిగ్డలా అనే భాగాలు తక్కువ స్పందించాయి. నలభై మందే, అందరూ ఒకే భావజాలం వాళ్ళు, కాబట్టి దీని మీద మేడలు కట్టొద్దు. కానీ ఇంట్లో మనం చూసేదానికి దగ్గరగానే ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు ఎర్ర సిరాతో దిద్దిన మనిషికి, బావలూ మరదళ్ళూ ఉన్న గ్రూపులో కూతురు ఎర్ర సిరా పెట్టింది. అక్కడ ఆయన కాపాడుకున్నది ఆ ఫార్వర్డ్‌ని కాదు, మాస్టారి పరువుని. దిద్దాలంటే ఒంటరిగా దిద్దండి, ఆయనకి వెనక్కి వచ్చే దారి ఉంచండి. 'నాన్నా దీన్ని చాలా తెలివిగా తయారుచేశారు, నేను కూడా మొదట నమ్మా' అంటే అబద్ధం కూడా కాదు, చాలాసార్లు మనమూ నమ్ముతాం.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. 'దిద్దితే నమ్మకం ఇంకా గట్టిపడుతుంది, బ్యాక్‌ఫైర్ అవుతుంది' అని 2010లో ఒక పేపర్ వచ్చింది, నేను కూడా అదే స్లైడ్ కొన్నేళ్ళు తిప్పా, కథ బాగుంటుంది కదా, హాల్లో అందరూ తలలూపేవాళ్ళు. తర్వాత 2019లో వుడ్, పోర్టర్ అని ఇద్దరు 10,000 మందికి పైగా జనం మీద, 52 అంశాల మీద వెతికితే ఆ బ్యాక్‌ఫైర్ దాదాపు ఎక్కడా దొరకలేదు. అంటే దిద్దితే సాధారణంగా ఎంతో కొంత పనిచేస్తుంది, మనుషులు మనం అనుకున్నంత మొండివాళ్ళు కాదు. తప్పుడు సమాచారం మీద నేనిచ్చిన ట్రైనింగుల్లో నేనే పాతబడిన సమాచారం పంచానన్నమాట, ఎందుకంటే అది నాకు పదేపదే విని అలవాటైపోయింది.

ఇంకో మంచి వార్త ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. బాగా నమ్మకంగా చెప్పిన తప్పుని దిద్దితే అది నమ్మకం లేకుండా చెప్పిన తప్పు కన్నా బాగా గుర్తుంటుంది, 2001లో బటర్‌ఫీల్డ్, మెట్కాఫ్ చూపించారు. మెదడు ఆశ్చర్యపోయినప్పుడు చెవులు నిక్కబొడుచుకుంటుంది, 'అరె, నేననుకున్నది కాదా' అన్న క్షణంలో శ్రద్ధ అటు తిరుగుతుంది. అందుకని నేను ఇప్పుడు ట్రైనింగుల్లో ముందే జవాబు చెప్పను. 'ఇది నిజమేనంటారా? పదికి ఎన్ని మార్కులేస్తారు మీ నమ్మకానికి?' అని అడుగుతా, వాళ్ళు తొమ్మిది అంటారు, అప్పుడు అసలు వీడియో చూపిస్తా. మాస్టార్లకి ఈ ఆట భలే నచ్చుతుంది, పరీక్ష కదా.

ఇప్పుడు స్కానర్ల మీద నా గోల. 'న్యూరోసైన్స్‌తో చెక్' అని మీరు చదివింది ఏదో నాకు తెలీదు కానీ, మెదడు పేరు చెప్పి వచ్చేదాన్ని మామూలు ఫార్వర్డ్ కన్నా ఎక్కువ అనుమానించండి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం ఒక చచ్చిపోయిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి మనుషుల ఫోటోలు చూపిస్తే దాని మెదడులో కూడా లైటు వెలిగింది! లెక్కల్లో చేయాల్సిన ఒక దిద్దుబాటు చెయ్యకపోతే ఎలాంటి దెయ్యాలు కనిపిస్తాయో చూపించడానికి చేశారు, 2012లో దానికి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) వచ్చింది. ఇంకా, ఎమిగ్డలా వెలిగితే భయం అనీ, డోపమైన్ అనే మెదడు రసాయనం వస్తే వ్యసనం అనీ టీవీల్లో చెప్పేస్తుంటారు, ఒక్కో భాగం పది పనులు చేస్తుంది, వెలుగు చూసి ఫీలింగ్ చెప్పడం పొగ చూసి ఏ కూర ఉడుకుతోందో చెప్పడం లాంటిది. మనుషుల మధ్య తేడాల్ని మెదడు బొమ్మలతో ముడిపెట్టాలంటే వేల మంది కావాలని 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పెద్ద పేపరే వచ్చింది, ఇరవై ముప్పై మందితో 'ఫేక్ న్యూస్ నమ్మేవాళ్ళ మెదడు ఇదీ' అనే హెడ్డింగులు అప్పటి నుంచి నేను చదవడం మానేశా.

పైగా మెదడు మాట కలిపితే చాలు పసలేని వివరణ కూడా బరువుగా కనిపిస్తుంది, 2008లో యేల్‌లో డీనా వైస్‌బర్గ్ వాళ్ళు చూపించారు, అసలు సంబంధం లేని న్యూరోసైన్స్ వాక్యం ఒకటి తగిలిస్తే మామూలు జనం, ఆ క్లాసు చదువుతున్న పిల్లలు కూడా బోల్తా పడ్డారు, ఆ రంగంలో పండినవాళ్ళు మాత్రం పడలేదు. మన ఊళ్ళల్లో మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని పిల్లల కళ్ళకి గంతలు కట్టి పుస్తకం చదివించి వేలకి వేలు వసూలు చేశారు గుర్తుందా, ముక్కు పక్క సందులోంచి చూడ్డం తప్ప అందులో ఏ బ్రెయినూ లేదు. మనం మెదడులో పది శాతమే వాడతాం అన్నదీ అంతే.

అయితే స్కానర్ వల్ల లాభం లేదా అంటే ఉంది, 'ఎందుకు' అన్నదానికి ఆధారం ఇస్తుంది, పరిచయం వేరు, ఎక్కడ విన్నామన్నది వేరు అని మెదడు పక్కనుంచి కూడా సాక్ష్యం దొరికింది. ఏం చెయ్యాలన్నది మాత్రం కాగితం కలం ప్రయోగాలూ, ఊళ్ళో చేసిన పనీ చెప్పాయి.

ఊళ్ళో పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది గద్వాల. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగ్ అని పుకార్లు లేచాయి కదా, అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో అసలు కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం, చివర్లో పిల్లాణ్ణి వెనక్కి దించేసే ముక్క కోసేసి తిప్పారు. ఆ మే నెలలో హైదరాబాద్‌తో సహా కొన్ని చోట్ల అమాయకుల్ని కొట్టి చంపేశారు. జోగులాంబ గద్వాల జిల్లాకి అప్పుడు రెమా రాజేశ్వరి ఎస్పీ. ఎండాకాలం జనం ఆరుబయట పడుకోకుండా తలుపులేసుకుంటున్నారేంటని అక్కడి పోలీసులు గమనించి, ఆరా తీస్తే ఈ వీడియోలు బయటపడ్డాయి. ఆవిడ ఊరూరికీ పోలీసుల్ని పంపించి డప్పు కొట్టించి, దండోరా వేయించి, పాటలు కట్టించి అసలు సంగతి చెప్పించారు. తన పరిధిలోని నాలుగొందలకి పైగా ఊళ్ళల్లో ఆ పుకార్ల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ల్యాబ్ భాషలో చూస్తే అన్నీ అందులో ఉన్నాయి: తెలిసిన మనిషి నోటితో చెప్పించడం, నిజాన్నే మళ్ళీమళ్ళీ వినిపించి దాన్నే అలవాటు మాటగా చెయ్యడం, పాట కాబట్టి గుర్తుండిపోవడం, చాలా ఊళ్ళకి గుంపు పోగవ్వకముందే చేరడం. అబద్ధానికి ఉన్న ఆయుధాన్నే నిజానికి ఇచ్చారు.

ముందే చేరడాన్ని పరిశోధనలో టీకాతో పోలుస్తారు, 1960ల్లో విలియం మెక్‌గ్వైర్ మొదలెట్టాడు. ఇప్పుడు కేంబ్రిడ్జి వాళ్ళు ఒక్కో అబద్ధాన్ని కాకుండా దాని వెనకుండే ట్రిక్కుని ముందే చూపిస్తున్నారు, భయపెట్టడం, దొంగ ఎక్స్‌పర్టుని తేవడం, ఎవరో ఒకర్ని బలిపశువు చెయ్యడం లాంటివి. 2022లో చిన్న చిన్న వీడియోలు యూట్యూబ్‌లో యాడ్ల లాగా వేసి చూస్తే జనం ఆ ట్రిక్కుల్ని గుర్తుపట్టడం కొంచెం పెరిగింది. కొంచెమే. ఇక్కడ ఏదీ గారడీ కాదు.

మన దేశం సంగతైతే బీహార్‌లో చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడాలి. సుమిత్ర బద్రీనాథన్ అనే పరిశోధకురాలు 2019 ఎన్నికల ముందు పన్నెండొందల మందికి పైగా ఇళ్ళకి మనుషుల్ని పంపి గంటసేపు ట్రైనింగ్ ఇప్పిస్తే మొత్తం మీద ఏం మారలేదు. తర్వాత ఆవిడ, ఇంకొందరు కలిసి అక్కడే 13,000కి పైగా స్కూలు పిల్లలకి వారాల తరబడి క్లాసులు పెట్టిస్తే మార్పు వచ్చింది, నెలల తర్వాత కూడా నిలిచింది, ఇంట్లో అమ్మానాన్నలకి కూడా కొంత అంటింది. ఒక పూట వర్క్‌షాపు పెట్టి ఫోటోలు దిగి వచ్చే మా బోటివాళ్ళకి ఇది చెంపదెబ్బ. అలవాటు పడి నమ్మినదాన్ని అలవాటుతోనే విప్పాలి.

పంపించే జబ్బు వేరు, నమ్మే జబ్బు వేరు అని కూడా గుర్తుంచుకోండి. చాలామంది నమ్మి పంపరు, చూడగానే వేలు ఫార్వర్డ్ మీదికి పోతుంది అంతే. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో బాగా అలవాటు పడిన 15 శాతం మందే 30 నుంచి 40 శాతం ఫేక్ వార్తలు షేర్ చేశారని తేలింది. పెన్నీకుక్, రాండ్ అనే పరిశోధకుల బృందం 5,000 మందికి పైగా ట్విట్టర్ వాడేవాళ్ళకి 'ఈ ఒక్క హెడ్‌లైన్ నిజమేనంటారా' అని మెసేజ్ పెడితే ఆ తర్వాత వాళ్ళు పంచే వార్తల నాణ్యత కాస్త మెరుగైంది. వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టేస్తే అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. అంటే ఎవరి మెదడునీ మార్చకుండా, మధ్యలో చిన్న గడప పెడితే చాలు, చాలా మెసేజ్‌లు అక్కడే ఆగిపోతాయి.

మీ ఇంటికి వద్దాం. నాన్నగారికి ఫ్యాక్ట్‌చెక్ లింకులు పంపడం ఆపండి, ఆయన చదవరు. వారానికోసారి పక్కన కూర్చుని ఆయనకి వచ్చిందే ఒకటి తీసి, పదికి ఎన్ని మార్కులో అడిగి, ఇద్దరూ కలిసి వెతకండి. ఆ పేజీలోనే కిందా మీదా పడకుండా వేరే ట్యాబ్ తెరిచి ఈ సంగతి ఇంకెవరు రాశారో చూడ్డం నేర్పండి, అమెరికాలో ఫ్యాక్ట్‌చెకర్లు చరిత్ర ప్రొఫెసర్ల కన్నా వేగంగా అసలు గుట్టు పట్టేసింది ఈ ఒక్క అలవాటుతోనే. అబద్ధం తేలితే దాని వెనక ఉన్న ఖాళీ ఏంటో వినండి, మోకాళ్ళ నొప్పా, పెన్షన్ భయమా, మనవడు దూరంగా ఉన్నాడన్న దిగులా. అమెరికాలో 2016 ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో 65 దాటినవాళ్ళు కుర్రవాళ్ళ కన్నా దాదాపు ఏడు రెట్లు ఎక్కువ ఫేక్ లింకులు పంచారు, దాన్ని మతిమరుపు కింద రాసేసేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. పెద్దవాళ్ళకి సాధారణ జ్ఞానం మనకన్నా ఎక్కువే, చాలామందికి ఫార్వర్డ్ చెయ్యడం అంటే 'నేనున్నాను, మీ గురించి ఆలోచిస్తున్నాను' అని చెప్పుకోవడం. అందుకే నేను మా నాన్నకి ఒక పని అప్పజెప్పా, మా చుట్టాల గ్రూపులో ఆరోగ్యం మెసేజ్ ఏదొచ్చినా ముందు ఆయన చూసి సర్టిఫై చెయ్యాలి అని. రెండు నెలలు నన్ను ఫోన్లతో చంపేశారు. ఇప్పుడు మా బాబాయిలు ఆయనకి భయపడి పంపడం తగ్గించారు.

మీ నాన్నగారు సైన్స్ మాస్టారు కాబట్టి ఆ ఉద్యోగానికి మా నాన్న కన్నా ఎక్కువ పనికొస్తారు. గ్రూపులోంచి మాత్రం ఎగ్జిట్ అవ్వకండి, మ్యూట్ పెట్టుకోండి, మీరు వెళ్ళిపోతే అక్కడ వేరే మాట వినిపించే గొంతు ఒక్కటి కూడా ఉండదు.